మూడో అంతస్తు, లిఫ్టు లేదు

పేపర్లో వేయించను నాలుగు లైన్లే ఇచ్చినారు.
అనంతపురం, కళ్యాణదుర్గం రోడ్డు,
ఆర్టీసీ ఉద్యోగుల సహకార సంఘం ఫ్లాటు,
ఐదు వందల నలభై చదరపు అడుగులు,
కొత్తగా బాగుచేసినది.
లిఫ్టు లేదన్నది ఐదో లైను.
దానికి వేరే రేటంట. వదిలేసినా.

మెట్లు యాభై నాలుగు.
నా మోకాళ్లు లెక్కపెట్టిన అంకె,
ఏ చెకింగు ఇన్‌స్పెక్టరూ తప్పు పట్టలేడు.

ఇరవై రెండేండ్లు
వంటింటి కొళాయి బొట్టు బొట్టుగా కారింది.
కింద చెంబు పెట్టి, నిండితే పుదీనాకు పోసి,
మళ్లా పెట్టి డ్యూటీకి పోయేదాన్ని.
వన్నూరప్ప మేస్త్రి వచ్చి పది నిమిషాల్లో
నలభై రూపాయల వాషరుతో దాని నోరు మూయించినాడు.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
నలభై రూపాయలు.
ఉరవకొండకు టికెట్టు కూడా రాదు.

వంటింటికి కిటికీ కావాలని
ఆయన ఉన్నప్పుడు ఆయన్ని అడిగినా,
ఆయన పోయినాక నన్ను నేనే అడుక్కున్నా.
సంఘం ఒప్పుకోదనీ, వచ్చే జీతానికి చూద్దామనీ
మాకు మేమే చెప్పుకున్నాం.
ధర పలకాలంటే వెలుతురు ఉండాల మేడం, అన్నాడు బ్రోకరు.
సెక్రెటరీ తిప్పేస్వామి సంతకం పెట్టను
ఒక టీ తాగేంత సేపు పట్టింది.

ఇప్పుడు పొద్దున ఏడింటికి
ఎండ నేరుగా వచ్చి పప్పు డబ్బాల మీద కూర్చుంటాది.
ఎవరి కోసమో రిజర్వు చేసిన సీటు.
నేను పక్కన నిలబడి టీ తాగుతా.

నేల కూడా మార్చాలన్నాడు.
నల్ల బండలుంటే ఇల్లు ఇరుకుగా కనపడతాదంట.
కడప బండలు ఒక్కొక్కటే లేచినాయి,
డిపోలో పాత బస్సు సీట్లు విప్పినట్లు.
బాత్రూము పక్క బండ మీద తెల్లటి గుండ్రం,
మూడు రోజులకొకసారి వచ్చే నీళ్ల కోసం
నీలం డ్రమ్ము కాపలా కాసిన చోటు.
ఉప్పునీళ్లు గీసిన గీత, యాసిడ్ పోసినా పోలేదు.
పారేస్తారామ్మా? అన్నాడు వన్నూరప్ప.
నీకు కావాల్నా? అన్నా.
రెండు ఆటోల్లో నా నేల రుద్రంపేటకు పోయింది.

అప్పటినుంచి పదకొండు మంది ఎక్కినారు,
పదకొండు మంది దిగినారు.

ఒకాయన ఫోన్లో దిక్సూచి పెట్టుకుని
ఈశాన్యం కోసం ఇల్లంతా తిరిగినాడు.
ఇంత ఇంట్లో ఎంత తిరిగినా ఈశాన్యం మూరెడే.

ఒకామె కొత్త రంగు మీద వేలు పెట్టి గీకి
ఇంతకు ముందు ఎవరుండిరి? అనింది.
ఒక కండక్టరు, అన్నా.
అది కాదు, అనింది.
ఏది కాదో నాకు తెలుసు.
చిల్లర లేదన్నట్లు మొహం పెట్టినా.

కొత్తగా పెండ్లయిన జంట ఒకటి వచ్చింది.
పిల్లోడు మెయింటెనెన్సు అడుగుతాంటే
ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి
ఎండ పడిన తన ముంజేతిని చూసుకుంటాంది.
ఆ పిల్లకైతే యాభై వేలు తగ్గించాలనుకున్నా.
వాళ్లకు లోను రాలేదు.

పోయిన ఆదివారం
మిగిలిన కూలి ఇయ్యను రుద్రంపేట పోయినా.
చెప్పులు వాకిట్లో విడిచి లోపల కాలు పెడితే
సల్లగా తగిలింది.
అరికాళ్లు నాకంటే ముందు గుర్తు పట్టినాయి.
వరస మారింది. మా పడకగది పగులు బండ
వాళ్ల గడప దగ్గరుంది.
మూలలో ఆ తెల్లటి గుండ్రం,
దాని మీద అంచుకు అంచు సరిపోయేట్లు
వాళ్ల నీళ్ల డ్రమ్ము.

సరిగ్గా ఆడే ఎందుకు పెట్టినావు? అన్నా.
ఇంగెక్కడ పెట్టాలమ్మా, అని నవ్వి
వన్నూరప్ప భార్య మూత తీసి చెంబు ముంచి ఇచ్చింది.
ఉప్పగానే ఉన్నాయి. తాగినా.

రేపు పన్నెండో ఆయన వస్తానన్నాడు.
పదింటికి వస్తానంటే వద్దన్నా.
ఏడింటికే రమ్మన్నా,
ఎండ ఉన్నప్పుడు.